రెండు పసుపు వడ్ల సంతానం

కోదండపాణి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా చెప్పులు వెతుక్కునేవారు. వరి పరిశోధన కేంద్రంలో ఆయన శిష్యులందరికీ ఇది అలవాటే. జవాబు గదిలో దొరకదు, చేలోకి నడవాలి.

ఆ రోజు అడిగినవాడు నరహరి. వరి సంకరం నేర్చుకోవడానికి వచ్చి, కాలువ నీటి కోసం రైతుల్ని కూడగట్టే పని కూడా నెత్తిన వేసుకున్న కుర్రాడు. నోరు తెరిస్తే గోడల మీది రాతలే వినపడేవి.

"బూడిదలోంచి నిప్పు పుడుతుందాండీ? కాలువకి ఇటు పెదపాలెం వాళ్ళకి చట్టమంతా తెలుసు, గడప దాటరు. అటు చినపాలెం వాళ్ళు రంకెలేస్తారు, ఎవర్ని ఏమడగాలో తెలీదు. రెండు ఊళ్ళలోనూ వేరువేరుగా ఎన్ని మీటింగులు పెట్టానో! గొర్రెల మందలు చరిత్రని నడపవు. రేపు పొద్దున్నే బస్సెక్కి మా ఊరు పోతున్నాను."

"కాఫీ తాగి పోతావా, తాగకుండానా?" అంటూ గురువు చెప్పుల్లో కాళ్ళు దూర్చారు.

ఇద్దరూ చేలోకి నడిచారు. కిందటి పంటలో నరహరి తన చేత్తో సంకరం చేసిన గింజలు ఒక మడిలో వరసగా పెరిగి వెన్ను వేశాయి. వాటిని చూడగానే అతని ముఖం మాడిపోయింది. గింజల పైపొట్టు కాటుకలా నల్లగా ఉంది. తల్లి వంగడానిదీ తండ్రి వంగడానిదీ గడ్డిలాంటి పసుపే అని అతనికి బాగా గుర్తు.

"ద్రోహం! ఎవరో విత్తనం కల్తీ చేశారు!" అని ప్యాంటు మడిచి మడిలోకి దూకాడు. కేళీలు, అంటే చేలో చొరబడిన పరాయి మొక్కలు, ఏరిపారెయ్యడం అతనికి పండగలాంటి పని. ఒక దుబ్బు పట్టుకుని గుంజబోయాడు.

"ఆగవయ్యా బాబూ! వరసంతా కేళీలేనా? మరి మన మొక్క ఏది?"

నరహరి చెయ్యి ఆగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే నలుపు. కల్తీ ఇంత పద్ధతిగా ఉండదు.

"పొట్టు నల్లబడాలంటే ఒక్క జన్యువు చాలదు," అన్నారు గురువు. "ఒకటి రంగుకి సరుకు తయారుచెయ్యాలి, ఇంకొకటి దాన్ని నల్లగా మార్చాలి. నీ తల్లి వంగడంలో సరుకుంది, మార్చేది పాడైంది. తండ్రి దాంట్లో మార్చేది ఉంది, సరుకు లేదు. అందుకే రెండూ పసుపు. బిడ్డకి చెరో వైపు నుంచి చెరొకటీ వచ్చాయి."

"అయితే ఏ రెండు పసుపు వడ్లని కలిపినా నల్లనివి పుడతాయా?"

"పుట్టవు. ఇద్దరికీ ఒకటే లోటైతే బిడ్డకీ అదే లోటు. ఎవరికేం తక్కువో చూసి కలపాలి."

నరహరి దుబ్బు వదిలేశాడు. ఈసారి నినాదం లేకుండా గొణిగాడు: "ఆ రెండు ఊళ్ళకీ పాత పేచీలున్నాయండీ. వాళ్ళంతట వాళ్ళు కలవరు."

గురువు నవ్వేశారు. "వరి మాత్రం కలుస్తుందా? తన పుప్పొడితో తను సరిపెట్టుకునే రకం అది. రోజులో కాసేపే పువ్వు విచ్చుకుంటుంది. ఆ కాసేపూ కలిపేవాడు బస్సులో ఉంటే, రెండు మళ్ళూ పసుపుగానే పండుతాయి."