తొంభై ఆరు తర్వాతి పేజీ

పరాంకుశం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కుంటారు. విశ్వవిద్యాలయంలో విద్యాశాఖ ఆచార్యులు. బడి పాఠాల మీద, పిల్లల చదువు మీద పరిశోధన చేసేవాళ్ళకు ముప్పై ఏళ్ళుగా దారి చూపిస్తున్నవారు. అయినా కుర్చీలో కూర్చుని ఆయన ఒక్కరి సందేహమైనా తీర్చిన దాఖలా లేదు. "కాస్త బయట పనుంది, రా" అంటారు. శిష్యులు వెంట నడుస్తారు. ఎక్కడికో వెళ్ళి, ఏదో ఒకటి చూసి, కాళ్ళు పీకుతుంటే తిరిగి వస్తారు. జవాబు దొరికిందా అంటే కొందరు దొరికిందంటారు, కొందరు చెప్పులు అరిగాయంటారు. ఎండాకాలంలో మాత్రం ఆ శాఖలో ఎవరికీ సందేహాలు రావు.

ఆయన శిష్యురాలు వకుళ సందేహం డిసెంబరులో వచ్చింది కాబట్టి ఎండ బాధ లేదు. అంతకంటే పెద్ద బాధే ఉంది. ఇంకో తొమ్మిది రోజుల్లో తన పరిశోధన మొత్తాన్ని శాఖలో అందరి ముందూ వినిపించాలి. అక్కడ నిలబడితేనే గ్రంథం సమర్పించనిస్తారు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఉండదని ఆఫీసువాళ్ళు మొహం మీదే చెప్పారు. టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి, నాలుగేళ్ళు బస్సుల్లో ఊళ్ళు పట్టుకు తిరిగి చేసిన పని అది. తీరా అంతా ఒక కొలిక్కి వచ్చిందనుకున్నాక, ఒక్కచోట ఆమెకే నమ్మకం కుదరడం లేదు.

"సార్, పిల్లలు అబద్ధం రాశారా, లేకపోతే నా కళ్ళే తప్పు చూశాయా?" అని అడిగింది.

సంగతి ఇదీ. ఆరు బళ్ళలో ఆరువందల మంది పిల్లలకు ఆమె ప్రశ్నల కాగితాలు పంచింది. పేరు రాయనక్కరలేదు, ఇంటి దగ్గర తీరిగ్గా నింపి తెమ్మంది. 'పాఠం అర్థం కాకపోతే ఏం చేస్తావు?' అన్న ప్రశ్నకు ఐదువందల పైచిలుకు మంది 'మాస్టారిని అడుగుతాను' అన్నచోట టిక్కు పెట్టారు. వకుళ సంబరపడింది. ఆ తర్వాత అవే బళ్ళలో ముప్పై ఎనిమిది రోజులు, గది చివర గోడ వారన కుర్చీ వేయించుకుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా లేచి సందేహం అడిగితే ఒక గీత గీయాలని ఏర్పాటు. ముప్పై ఎనిమిది రోజులకు మూడు గీతలు పడ్డాయి. మూడూ ఒకే పిల్లవి. ఆ పిల్ల అడిగింది మంచినీళ్ళకు వెళ్ళనా అని.

"మాస్టర్లంటే భయం సార్. ఇంట్లో కూర్చుని కాగితం నింపేటప్పుడు కూడా ఆ భయం వదల్లేదు, అందుకే మంచి జవాబు రాసేశారు. మూడో అధ్యాయం అంతా అదే రాశాను. కానీ చదువుకుంటుంటే నాకే ఎక్కడో గుచ్చుకుంటోంది. ఒక బళ్ళో లెక్కల మాస్టారి జేబులో కలం పిల్లలే తీసుకుని రాసుకుని మళ్ళీ జేబులో పెట్టేస్తారు. అలాంటాయన్ని చూసి ఎవరు భయపడతారు సార్?"

పరాంకుశం గారు బల్ల కింద కాలితో తడిమి ఒక చెప్పు, బీరువా పక్కన రెండో చెప్పు సంపాదించారు. అలమరలోంచి తాడు కట్టిన పాత పుస్తకం ఒకటి చంకన పెట్టుకున్నారు. "దీన్ని కుట్టించాలి, రా" అన్నారు. వకుళకు ప్రాణం ఉసూరుమంది. తొమ్మిది రోజుల్లో ఒక పూట ఇలా పోతోందన్నమాట. అయినా గురువు గారు రమ్మన్నాక రానని ఎలా అంటుంది?

వెనక గేటు దాటితే జిరాక్సు కొట్ల వరసలో చివరిది మౌలాలి బైండింగు షాపు. డెబ్భై ఏళ్ళ మనిషి. పక్కనున్నవాళ్ళంతా యంత్రాలు కొన్నా ఆయన ఇంకా సూదీ దారంతోనే కుడతాడు. లైబ్రరీ పాత పుస్తకాలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. మైదా జిగురు వాసన వీధిలోకి కొడుతోంది. కొత్తగా అట్ట వేసిన గ్రంథాలు రెండు బరువు కింద ఆరుతున్నాయి. వాటి వీపు మీద బంగారు అక్షరాల్లో ఎవరివో పేర్లు చూసి వకుళ చూపు తిప్పుకుంది.

"మౌలాలీ, ఈ అమ్మాయికి కుట్టు నేర్పు. ఈ పుస్తకం ఆ అమ్మాయే కుడుతుంది" అన్నారు పరాంకుశం గారు. గుమ్మం దగ్గర స్టూలు లాక్కుని, పేపరు విప్పి, వకుళ వెనకగా కూర్చున్నారు.

"అట్లాగే సార్. రా తల్లీ, ఇటు కూర్చో" అని మౌలాలి తన చాప మీదే కాస్త జరిగి చోటిచ్చాడు. పాత దారం తెంపి పుస్తకాన్ని మడతలు మడతలుగా విడదీశాడు. ఒక్కో మడతలో పదహారు పేజీలు, మొత్తం పన్నెండు మడతలు. దుమ్ము దులిపి, నలిగిన అంచులు బొటనవేలితో సాపు చేశాడు. చేతులు ఆ పని చేస్తుంటే నోరు ఊరుకోలేదు. "నలభై రెండేళ్ళాయె ఈ చాప మీద కూర్చుని. ఈ యూనివర్సిటీ పుస్తకాల్లో ఒక్క కాగితం నా చేతిలో పోలేదమ్మా. కావాలంటే సార్‌ని అడుగు."

"పోలేదు, పోలేదు. మౌలాలి చేతికిస్తే బ్యాంకులో వేసినట్టే" అన్నారు పేపరు వెనక నుంచి పరాంకుశం గారు. ముసలాయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది.

ఆయన నేర్పిన తీరు వకుళకు ఎంతో నచ్చింది. మడత మధ్యలో సూది లోపలి నుంచి బయటికి రావాలి, వీపున అడ్డంగా పెట్టిన నాడా మీదుగా దారం తిరగాలి, మళ్ళీ లోపలికి పోవాలి. చివరికి వచ్చాక కింది మడతతో ముడి. ఆమె వేళ్ళు తడబడితే తన వేళ్ళు ఆనించి దారి చూపాడు. విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. రెండు మడతలు దగ్గరుండి కుట్టించి, విప్పించి, మళ్ళీ కుట్టించాడు. "అర్థమైందా తల్లీ?" అన్నాడు. అర్థమైందంది. నిజంగానే అయింది. అప్పుడు మడతలన్నీ దొంతిగా పేర్చి ఆమె ముందు పెట్టి, తాను అటు తిరిగి జిగురు కలుపుతూ కూర్చున్నాడు.

వకుళ మొదలుపెట్టింది. ఒక్కో మడతా కుట్టి, పై మడత పెట్టేముందు పేజీ అంకె చూసుకుంటోంది. టీచరు చేతులు కదా, అంకెలు సరిచూసుకోవడం అలవాటు. ఆరో మడత తొంభై ఆరో పేజీతో అయిపోయింది. పై మడత తీస్తే మొదటి పేజీ మీద నూట పదమూడు అని ఉంది.

సూది ఆగిపోయింది. దొంతిలో మిగతావన్నీ తిప్పి చూసింది. ఏడో మడత లేదు. చాప అంచున చూసింది, తన ఒళ్ళో చూసుకుంది. పదహారు పేజీలు ఎక్కడో జారిపోయాయి. దుమ్ము దులిపినప్పుడు వీధిలోకి ఎగిరాయో, చెత్తలో కలిశాయో. మౌలాలి వైపు చూసింది. ఆయన ఏదో పాట కూనిరాగం తీస్తూ జిగురు తిప్పుతున్నాడు. 'తాతా, ఇందులో ఒక మడత లేదు' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇప్పుడే కదా నలభై రెండేళ్ళని చెప్పుకున్నాడు, ఇప్పుడే కదా అంత వెలిగిపోయాడు. ఆ మాట మింగేసింది. తొంభై ఆరు మీద నూట పదమూడు పెట్టి కుట్టుకుంటూ పోయింది. కుడుతుంటే కళ్ళ వెనక మంట పుట్టింది, ఆయన మీద జాలో, తన మీద చిరాకో తెలియలేదు.

పుస్తకం చివరి ముడి పడ్డాక మౌలాలి అందుకున్నాడు. వేలితో వీపు నొక్కి చూసి, "కుట్టు చక్కగా వచ్చింది" అన్నాడు. తర్వాత తాను కూర్చున్న చాప కొస ఎత్తి, కింద నుంచి మడత ఒకటి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. మొదటి పేజీ మీద తొంభై ఏడు అని ఉంది.

వకుళ ఆ అంకెనూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది.

"నా దగ్గర పని నేర్చుకోడానికి ఎవరొచ్చినా మొదటి కట్టలో ఒక మడత తీసి దాచుకుంటా తల్లీ. మా నాయన నాకట్లాగే చేశాడు. కుట్టడం నాలుగు రోజుల్లో వస్తుంది. ఏది లేదో చూసి అడగడం రాకుంటే ఆ చెయ్యి ఎందుకూ పనికిరాదు. కొందరు చూసుకోనే చూసుకోరు. నువ్వు చూశావు. నీ సూది ఆగడం నేను వింటూనే ఉన్నా. చూసి కూడా ఎందుకు ఊరుకున్నావో నాకు అంతుపట్టలా." ఆయన నిజంగానే వింతపడుతున్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. "నేను కసురుతాననుకున్నావా?"

"లేదు తాతా. అస్సలు లేదు" అంది వకుళ. తల వంచుకుని ఆ మడత అంచులు సవరించింది. సిగ్గేసింది. నాలుగేళ్ళుగా పిల్లలు ఎందుకు అడగరా అని పరిశోధన చేస్తున్న మనిషి, తన కళ్ళ ముందు పదహారు పేజీలు మాయమైతే అడగలేకపోయింది. మౌలాలి కుట్టు విప్పడానికి చిన్న బ్లేడు చేతికిచ్చి, "మళ్ళీ వెయ్యి, ఈసారి తొందరగా వస్తుంది" అన్నాడు.

మళ్ళీ కుట్టడం అయ్యాక ఇద్దరూ తిరిగి బయల్దేరారు. పుస్తకం వకుళ చేతిలో ఉంది. పరాంకుశం గారు రోడ్డు వారన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నామె దగ్గర రెండు కొని, ఒకటి ఆమెకిచ్చారు.

"మౌలాలి అంటే భయమేసిందా?" అన్నారు.

"అబ్బే, అంత మంచాయన్ని చూసి భయమేంటి సార్. మీరు వెనకే కూర్చుని ఉన్నారు. మీ ఎదుట ఆయన చేతిలో కాగితాలు పోయాయని ఎలా అంటాను? ఎంత చిన్నబుచ్చుకునేవాడో. అంతగా నేర్పినాయన పరువు అలా తీయాలనిపించలేదు. రేపు పొద్దున్న ఒక్కదాన్నే వచ్చి చెబుదామనుకున్నా."

"వచ్చి చెప్పేదానివేనా?"

"తప్పకుండా చెప్పేదాన్ని సార్. పదహారు పేజీలు లేకుండా ఎలా వదిలేస్తాను?"

పరాంకుశం గారు పొత్తు ఒలుచుకుంటూ గేటు దాకా నడిచారు. అక్కడ ఆగి, చెప్పులో దూరిన గులకరాయి దులుపుకుని, ఏ ఊరి బస్సెక్కుతున్నావని అడిగినంత మామూలుగా అడిగారు.

"ఆ ముప్పై ఎనిమిది రోజులూ బళ్ళో నువ్వెక్కడ కూర్చున్నావమ్మా?"