మారుగంట

కాళప్ప చెవుల్లో కీచురాళ్లు కాపురం పెట్టాయి.

ఒకటీ రెండూ కాదు, ఏడు అడవుల కీచురాళ్లు. తింటున్నా మోతే, పడుకున్నా మోతే. ఎవరైనా పలకరిస్తే, ఆ మాట మోతలో ఈదుకుంటూ అతన్ని చేరేసరికి పలకరించినవాడు ఇంటికెళ్లి అన్నం తిని చెయ్యి కడుక్కునేవాడు.

మోగక ఏం చేస్తాయి? వాళ్లది జేగంటలు చేసే పేట. కంచు కరిగించి పళ్లెంలా పోసి, సుత్తులతో సాగగొట్టి గంట చేస్తారు. అందరూ ఒకేసారి సుత్తులెత్తితే మేఘాలు హడలిపోయి పక్క తాలూకాలో కురిసేవి. ఆ పేటలో కాకులు అరవడం ఎప్పుడో మానేశాయి. ఏం చెప్పుకోవాలన్నా రెక్కలతో సైగలే.

పేటకు గురువు నాగలింగాచారి. ఆయన దగ్గర పన్నెండేళ్లు పని నేర్చుకున్నాడు కాళప్ప. గంటల్ని పరీక్షించే పని అతనిదే.

తయారైన గంటను తాడుకు వేలాడదీసి ఒక్క దెబ్బ కొడతారు. మోత పూర్తిగా ఆగిన క్షణాన పరీక్షించేవాడు చెయ్యెత్తాలి. నిదానంగా సన్నబడుతూ ఆగితే మంచి గంట. తెగినట్టు ఆగిపోతే లోపల కంటికి కనిపించని బీట ఉన్నట్టు. బాగుందని తేల్చినవాడు అంచు మీద ఉలితో తన గుర్తు వేస్తాడు.

చీమ తుమ్మితే అది ఏ పుట్ట చీమో చెప్పగలడని కాళప్పకు పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. అందుకే చెవుల్లో మోత మొదలైనా ఎవరికీ చెప్పలేదు.

కిందటి ఎండాకాలం ఏటిగట్టు ఊరివాళ్లు ఒక గంట చేయించుకున్నారు, వరద వస్తే కొట్టడానికి. ఆ రోజు గురువు ఊళ్లో లేడు. కాళప్ప గంట కొట్టి చెవి పెట్టాడు. మోత ఆగలేదు. ఎంతకీ ఆగలేదు.

"ఇంత పొడుగు మోత నా జన్మలో వినలేదు. బంగారంరా ఇది!" అని గుర్తు వేశాడు.

మిగతావాళ్లకు అది ఎప్పుడో ఆగిపోయింది. కాళప్ప చెవికి ఎవరు ఎదురు చెబుతారు? తమ చెవులే మందగించాయనుకుని తలలూపారు.

శ్రావణంలో ఏరు పొంగింది. రెండో దెబ్బకే గంట బీట విచ్చి, పగిలిన మూకుడులా తప్పుమంది. ఆవలి వాడకు వినపడలేదు. ముగ్గురు కొట్టుకుపోయారు. ఇందులో మాత్రం కల్పించి చెప్పింది ఏమీ లేదు.

పోయినవాళ్లలో ఒకామె మొగుడు తిప్పన్న. ఆ గంటను గోనెలో చుట్టి నెత్తిన పెట్టుకుని ఇరవై కోసులు నడిచి వచ్చాడు. తిట్టలేదు. గంటను అరుగు మీద దించి, పక్కన కూర్చున్నాడు. దాని అంచున ఎండిన బురద, బురద కింద కాళప్ప గుర్తు.

పేటలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి గుర్తు ఉన్న గంట తిరిగొస్తే, దాని బదులు ఇచ్చే మారుగంటను వాళ్లే పరీక్షించాలి. వేరేవాళ్లు గుర్తు వేయకూడదు.

కాళప్ప ఆ రోజే కొండెక్కి ఒక గుహలో దూరాడు. నిశ్శబ్దం ఉంటే మోత అణుగుతుందనుకున్నాడు. అది ఇంకా రేగింది. చెవుల్లో దూది కుక్కుకుంటే రెట్టింపయింది. ఉల్లిరసం పోశాడు, వెల్లుల్లి నూనె పోశాడు. ఆ చెవుల్లో పోసిన నూనెతో ఊరంతటికీ గారెలు వండొచ్చు. మూడో రోజుకు కళ్లు పీక్కుపోయి, గడ్డానికి మట్టి అంటుకుని, దిగి వచ్చాడు.

నేరుగా వెళ్లి గురువు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"సామీ, తప్పు నాదే. చెవులు పాడై రెండేళ్లయింది. చెప్పలేదు."

నాగలింగాచారి కొలిమిలో బొగ్గులు సర్దుతున్నాడు. "ఊఁ" అన్నాడు.

"మారుగంట నేను పరీక్షించలేను. నా చెవిలో ఏ గంటా ఆగదు. మళ్లీ మనుషులు పోతారు."

"ఊఁ."

"ఒక్క సాయం చేయండి సామీ. ఈ చెవుల్లో మైనం కాచి పోసేయండి. పూర్తిగా చెవిటివాణ్నయిపోతాను. ఈ మోతా పోతుంది, కట్టుబాటూ నన్ను పట్టదు. నా చేత్తో నేను పోసుకోబోయాను. సగంలో గిన్నె దించేశాను."

గురువు బొగ్గులు సర్దడం ఆపాడు. కాళప్ప ముఖాన్ని కాసేపు చూశాడు. లేచి, మూలన తిత్తి ఊదుతున్న సుంకన్న భుజం తట్టాడు. సుంకన్న చెవిటివాడు. ఇరవై ఏళ్లుగా అతనికి పిడుగు కూడా వినపడదు. పిడుగులే విసుగెత్తి అతని ఇంటి మీద పడటం మానేశాయి.

గురువు తన చెవి మీద వేలు పెట్టి చూపించి, ఎట్లా ఉందన్నట్టు చెయ్యి తిప్పాడు.

సుంకన్న బోసినోటితో నవ్వాడు. రెండు చేతులూ బారలు చాపాడు. ఇంత మోత, అన్నట్టు. తర్వాత పిడికిళ్లు బిగించి తల పక్కన పెట్టుకుని గడగడా ఆడించాడు. ఆడిస్తూ ఆడిస్తూ నవ్వు ఆపేశాడు. మళ్లీ తిత్తి దగ్గరికి వెళ్లిపోయాడు.

కాళప్ప రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

"ఇరవై ఏళ్లా?" అన్నాడు చివరికి.

"ఈ మోతలో వాడు నాకంటే చిన్నవాడు" అన్నాడు నాగలింగాచారి.

ఆ మాటకు కాళప్ప తలెత్తి గురువు వైపు చూశాడు. గురువు అప్పటికే అరుగు మీదికి నడుస్తున్నాడు.

"రారా" అన్నాడు.

తిప్పన్న తెచ్చిన గంటను దూలానికి వేలాడదీశాడు. కాళప్ప ఎడమచెయ్యి పట్టుకుని, చిటికెన వేలి గోరు గంట అంచుకు తగిలీ తగలనట్టు పెట్టాడు. కొయ్య సుత్తి కుడిచేతికి ఇచ్చాడు.

"కొట్టు."

"దీన్నా?" కాళప్ప తిప్పన్న వైపు చూడలేక నేల చూశాడు.

"దీన్నే."

కొట్టాడు. గోరు ఝుమ్మని అదిరింది. అదురు రెండు గుక్కల సేపైనా నిలవలేదు, దారం తెగినట్టు ఆగిపోయింది. చెవిలో మాత్రం మోగుతూనే ఉంది. బంగారంలా, పొడుగ్గా, అప్పటి లాగే.

కాళప్ప గోరు చూసుకున్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ తెగింది. మూడోసారి కొట్టబోతే చెయ్యి లేవలేదు. సుత్తి జారి కిందపడింది.

"ఇది ఆ రోజే తెలిసేది" అన్నాడు. "ఒక్క మాట మీతో చెప్పుంటే తెలిసేది."

నాగలింగాచారి కాదనలేదు. ఓదార్చలేదు. తిప్పన్న పై కండువాతో గంట మీది బురద తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా అంచుల్లోది రావడం లేదు.

గురువు లోపలికెళ్లి, అప్పటికే చేయించి ఉంచిన మారుగంట తెచ్చాడు. తాడు కట్టాడు. సుత్తి తీసి కాళప్ప చేతిలో పెట్టాడు.

పేటలో సుత్తులన్నీ ఆగాయి. ఆ పేట పుట్టాక అంత నిశ్శబ్దం అదే మొదలు. కాకులు కూడా రెక్కలు ముడుచుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో కాళప్ప చెవులు ఏనాడూ లేనంతగా హోరెత్తాయి.

గోరు ఆనించి కొట్టాడు.

అదురు వచ్చింది. చింతాకంత అయింది. జీలకర్ర గింజంత అయింది. గోటి చివర వెంట్రుకలా నిలబడి, ఎక్కడా తెగకుండా సన్నబడుతూ, సన్నబడుతూ...

కాళప్ప చెయ్యెత్తాడు.

"అయిపోయింది" అన్నాడు.

అరుగు మీద వాళ్లంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆగింది, అందరికీ.

నాగలింగాచారి అడిగాడు: "నీకు మోగడం లేదా?"

"మోగుతోంది సామీ."

"మరి అయిపోయిందంటావేం?"

కాళప్ప గంటను అరచేత్తో ముట్టి, ఆ చెయ్యి తన చెవి మీద పెట్టుకున్నాడు.

"గంటది అయిపోయింది. ఇది నాది."

తిప్పన్న లేచి నిలబడ్డాడు. వచ్చిన దగ్గర్నుంచీ అతను నోరు తెరవడం అదే మొదలు.

"ఆవలి వాడకు వినపడుతుందా అన్నా?"

కాళప్ప అతని ముఖంలోకి మొదటిసారి చూశాడు. "వినపడుతుంది" అన్నాడు.

గురువు ఉలి తీసి ఇచ్చాడు.

"గుర్తు వెయ్యి."