తలకిందులైన గ్లాడియోలస్

ముగ్గురు కోటయ్యల ఇంటి గోడమీద బొగ్గుతో ఒక మాట రాసి ఉండేది: "ఇచ్చట తెలివి కలదు." రాసింది పెదకోటయ్య. చదివి మెచ్చుకున్నది నడిపికోటయ్య. చినకోటయ్యకి చదువు రాదు గనక ఇంకా ఎక్కువ మెచ్చుకున్నాడు.

వాళ్ళ మేనత్త భ్రమరాంబకి పూలపిచ్చి. మూడేళ్ళుగా పూల సంఘం కప్పును ఎదురింటి ప్లీడరుగారి భార్యే ఎగరేసుకుపోతోంది. ఈసారి అత్త పట్టుబట్టి బెంగళూరు నుంచి పన్నెండు గ్లాడియోలస్ దుంపలు తెప్పించింది. వాటి పుట్టిల్లు ఆఫ్రికా. చూడ్డానికి చేమదుంపకి దూరపు చుట్టంలా ఉంటాయిగానీ, పూలకాడ కత్తిలా లేస్తుంది. ఆ మాటకొస్తే నేనూ కాలేజీలో బోటనీ చదివినవాణ్ణే. మా లెక్చరరుగారు ఉల్లిపాయ కోసి చూపిస్తూ ఏడ్చేవారు. పాఠం గుర్తులేదు, ఏడుపు గుర్తుంది. సరే.

నాటాల్సిన రోజునే అత్త మెట్టుమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మంచంమీంచే చెప్పింది.

"ఒరేయ్, దుంపలు నాలుగంగుళాల లోతున ఉండాలి. ఈసారీ కప్పు రాకపోతే తోట పీకించి గేదెల్ని కట్టేస్తాను!"

అంతే. ముగ్గురూ రోజూ పొద్దున్నే దుంపలు తవ్వడం, స్కేలు పెట్టి గొయ్యి కొలవడం, మళ్ళీ పాతడం.

"నిన్నా నాలుగే, ఇవాళా నాలుగే. ఏం బుద్ధిమంతులు అన్నయ్యా!" అన్నాడు చినకోటయ్య.

ఇంకేముంది, ఎనిమిది దుంపలు కుళ్ళాయి.

మిగిలిన నాలుగూ ఎలాగో ఎదిగాయి. "గాలికి వాలిపోతాయిరా, ఊతం ఉండాలి" అంది అత్త. అంతే, తలా ఒక మొక్కని పట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి కునుకు పట్టి ముగ్గురూ మూడు మొక్కలమీద బోర్లాపడ్డారు. పట్టుకునే దిక్కులేని నాలుగోది మాత్రం నిటారుగా నిలబడింది.

పూసింది కూడా. అడుగు మొగ్గ ముందు విచ్చింది, తర్వాత దాని పైది. తెల్లారితే సంఘం పెద్ద పరాంకుశంగారు చూడ్డానికి వస్తారు.

"చివరి మొగ్గ విచ్చలేదురా," అని అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కింద ఉన్నవే ముందు పూస్తాయి, ఏం చేస్తాం!"

"ఏం చేస్తామా? పైదాన్ని కిందికి తెస్తాం!" అన్నాడు పెదకోటయ్య.

మొక్కని పీకారు, తిరగేశారు, పూలకాడని గోతిలో దించి మట్టి కప్పారు. దుంప, దాని మీసాల్లాంటి వేళ్ళు ఆకాశంకేసి.

మర్నాడు పరాంకుశంగారు వచ్చారు. "పువ్వేదయ్యా?"

"లోపలుందండి" అన్నాడు పెదకోటయ్య.

"మరి పైన ఇదేమిటి?"

"దుంపండి. దుంప పాతితే పువ్వొచ్చింది, పువ్వు పాతితే దుంపొచ్చింది. రెండు పంటలు. అత్తకి రెండు కప్పులు ఇప్పించాలి."

"మొక్క తలకిందులుగా ఉందయ్యా!"

"దానికేం, బాగానే ఉంది. మీరే తిన్నగా నిలబడ్డారు."

ఇంకేముంది, పెదకోటయ్య ఒక కాలు, నడిపికోటయ్య ఒక కాలు పట్టి పెద్దమనిషిని తిరగేశారు. పంచె జారి చారల నిక్కరు ఊరందరికీ దర్శనమిచ్చింది.

"దించండి! దించండిరా వెధవల్లారా!"

"దించమంటున్నారు అన్నయ్యా," అని చినకోటయ్య గబగబా గొయ్యి తవ్వాడు. అంతే, దించారు.

కిటికీలోంచి అత్త కేకేసింది. "ఏరా, కప్పు మనకేనా?"

"మనకే అత్తా! తల లోపల పెట్టి మరీ చూస్తున్నారు. పువ్వు ఎంత నచ్చిందో, కాళ్ళు తెగ ఊపేస్తున్నారు!"