గోరింక తెచ్చిన పిడుగు మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్కన ఒక ఊరు. రెండింటికీ మధ్య ఒక మామిడితోట. అడవిలో జంతువులకు ఊరి సంగతులు తెలియవు. ఊళ్ళో మనుషులకు అడవి సంగతులు పట్టవు. రెండు చోట్లా తిరిగేది ఒక్క గోరింకే.

అందుకని దానికి కాస్త గొప్ప. కాస్తేమిటిలే, బాగానే గొప్ప. పొద్దున్నే ఊళ్ళోకి పోయి ఏ పెరట్లోనో నాలుగు మెతుకులు ఏరుకునేది. చెవిన పడ్డ నాలుగు ముక్కలు మోసుకొచ్చి అడవిలో నలభై చేసి చెప్పేది. దాని కాపురం దిబ్బ మీది మద్దిచెట్టు తొర్రలో. ఆ అడవి మొత్తానికి అంత పొడుగు చెట్టు ఇంకొకటి లేదు. తొర్రలో రెండు పిల్లలు. వాటికింకా రెక్కలు రాలేదు. పొద్దస్తమానం నోళ్ళు తెరుచుకుని "ఆకలి, ఆకలి" అనడమే వాటి పని. మన ఇంట్లోనూ ఉన్నారు అలాంటివాళ్ళు, నేను పేర్లు చెప్పను.

ఆ ఏడు ఎండాకాలం అప్పుడప్పుడే మొదలైంది. మొదలవుతూనే దానికేదో తిక్క పట్టుకుంది. పొద్దున చుర్రుమనే ఎండ. మధ్యాహ్నానికి గాలి ఆగిపోయేది. ఆకు కదిలేది కాదు. పడుకుంటే ఉక్క, లేస్తే ఉక్క. అడవిపంది బురదలో దొర్లి కూడా "ఒళ్ళు మండిపోతోంది" అనేది. కోతి ఒక కొమ్మ మీద కుదురుగా కూర్చోలేకపోయేది. మామూలప్పుడు కూర్చుంటుందని కాదు, ఇప్పుడు మరీను. నెలలు నిండిన దుప్పి లేచి నాలుగడుగులు వేసేది, పడుకునేది, మళ్ళీ లేచేది. ఏదో వస్తుందని అందరికీ తెలుసు. ఎప్పుడొస్తుందో తెలియక ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉండేవి.

అంతలో పడమట నల్లమబ్బు లేచేది. ఈదురుగాలి చెట్లను జుట్టు పట్టుకుని ఊపేది. ఫెళఫెళమని ఉరుములు. గడియసేపు కుండపోత. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎండ.

మొదటి రోజు కొండ అవతల ఎక్కడో పిడుగు పడింది. అడవంతా అదిరిపోయింది. జంతువులు తలోదిక్కూ పరుగెత్తాయి. వాన వెలిశాక అన్నీ ఒకచోట చేరాయి.

"అసలీ పిడుగంటే ఏమిటి? ఎక్కడుంటుంది?" అంది కోతి.

"ఏం తింటుంది?" అంది అడవిపంది. దానికి ఎప్పుడూ ఆ ఒక్క ఆలోచనే.

"ఊళ్ళో వాళ్ళకు తెలిసే ఉంటుంది. నేను కనుక్కొస్తాగా!" అంది గోరింక, మెడ నిక్కించి.

రెండో రోజు గోరింక మామిడితోట పక్కనున్న పెంకుటింటి మీద వాలింది. కింద అరుగు మీద ఒక అవ్వ మామిడికాయ ముక్కలు కోసి ఒరుగులకు ఆరబెడుతోంది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి అడిగింది.

"ఏం కోటమ్మత్తా, నిన్నట్నుంచి మీ ఇంట్లో ఆ గోలేమిటి?"

"ఏం చెప్పమంటావే! మా పిడుగు దిగింది. మధ్యాహ్నమైతే చాలు, ఇల్లు పీకి పందిరేస్తోంది. చేతిలో ఒక పండు పెట్టి, ఆ పెద్దచెట్టు కింద కూర్చోబెడితే తప్ప చల్లబడదు" అంది అవ్వ.

అంతే! గోరింక రివ్వున ఎగిరిపోయింది. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. ఆగితే అది గోరింక ఎందుకవుతుంది?

"తెలిసిపోయింది!" అంటూ అడవిలో వాలింది. "పిడుగుకు పండు పెట్టాలి. పెద్దచెట్టు కింద కూర్చోవాలి. అలా చేస్తే చల్లబడి పోతుంది. ఊళ్ళో అవ్వ తన నోటితో చెప్పింది, నేను నా చెవులతో విన్నాను."

"పెద్దచెట్టంటే?" అంది కోతి.

"మా మద్దిచెట్టే. అంతకంటే పెద్దది ఎక్కడుంది?"

దుప్పి కాసేపు నెమరువేస్తూ ఆలోచించింది. "గోరింక వదినా, నాకో అనుమానం. చెట్టు కింద కూర్చోవలసింది పిడుగా, మనమా?"

ఆ సంగతి గోరింకకూ తెలియదు. కానీ తెలియదని ఎలా చెబుతుంది? అడవిలో దాని పరువేం కావాలి?

"మనమే! అంత అనుమానమైతే నువ్వు తడుస్తూ కూర్చో" అని విసురుగా అనేసింది.

మూడో రోజు మబ్బు పట్టగానే జంతువులన్నీ మద్దిచెట్టు కింద చేరాయి. కోతి తునికిపళ్ళు తెచ్చింది. అడవిపంది మొర్రిపళ్ళు తెచ్చింది. దారిలో సగం తినేసిందనుకోండి. కుందేళ్ళు తమకు దొరికినవేవో తెచ్చాయి. ఉరుములు ఉరిమాయి, మెరుపులు మెరిశాయి, వాన వెలిసింది. ఒక్కరికీ ఏమీ కాలేదు.

"చూశారా!" అంది గోరింక.

నాలుగో రోజూ అంతే. ఐదో రోజూ అంతే. పిడుగు రాలేదు, పళ్ళు ముట్టుకోలేదు. మరి మిగిలిన పళ్ళను ఏం చేయాలి? "పిడుగు ప్రసాదం, పారెయ్యకూడదు" అని గోరింక వాటిని తొర్రలోకి మోసుకుపోయేది. పిల్లలు మూడు రోజుల్లో గుమ్మడికాయల్లా తయారయ్యాయి.

దుప్పి ఒక్కటే రాలేదు. దిబ్బ కింద పల్లంలో పొట్టిపొదలున్నాయి. వాటి మధ్య ముడుచుకుని తడిసేది. ఐదో రోజు ఆ వానలోనే అది ఈనింది. బొమ్మలాంటి పిల్ల. లేచి నిలబడబోయి నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారి కూలబడింది. ఆరో రోజు వానతో పాటు వడగళ్ళు కూడా పడ్డాయి. దుప్పి పిల్ల మీద తన ఒళ్ళు అడ్డంపెట్టి నిలుచుంది. అయినా పిల్లకు వణుకు తగ్గలేదు.

"పిల్లతల్లివి, నీకెందుకమ్మా ఈ పంతాలు? రేపటి నుంచి చెట్టు కిందికి రా" అంది అడవిపంది.

దుప్పి పిల్లను నాకుతూ తలూపింది.

అదే ఆరో రోజు గోరింక ఊళ్ళో ఉంది. అవ్వ ఇంకేమైనా పళ్ళ పేర్లు చెబుతుందేమోనని దాని ఆశ. అవ్వ గుమ్మంలోకి వచ్చి గొంతెత్తి పిలిచింది.

"ఒసే పిడుగా! ఎక్కడున్నావే? అన్నం చల్లారిపోతోంది, రా!"

గోరింక రెక్కలు బిగుసుకుపోయాయి. పిడుగు రాబోతోంది! చూరు కింద నక్కి చూసింది.

వచ్చింది పిడుగు. రెండు జడలు, ఊడిన ముందుపన్ను, చేతిలో మామిడిపండు, మోచేతిదాకా కారుతున్న రసం. ఏడేళ్ళ పిల్ల!

"వస్తున్నానే అమ్మమ్మా!"

అంతలో మబ్బు పట్టింది. గాలి వీచి తోటలో కాయలు దబదబా రాలాయి. పిల్ల ఏరుకోవడానికి చెట్ల కిందికి పరుగు తీసింది. అవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరుగెత్తి, పిల్ల చెయ్యి పట్టి ఇంట్లోకి లాక్కొచ్చింది.

"ఉరుముతుంటే చెట్టు కిందికి పోతావటే? పిడుగు పడేదే పొడుగు చెట్ల మీద! చెట్టుతో పాటు నువ్వూ మాడిపోతావు!"

అవ్వ మాట పూర్తయిందో లేదో, కళ్ళు జిగేల్మన్నాయి. చెవులు గింగురుమన్నాయి. పొలం గట్టు మీది తాడిచెట్టు తల భగ్గున అంటుకుంది.

అప్పటికి గోరింకకు అర్థమైంది. ఊళ్ళో పిడుగులు రెండు. ఒక పిడుగు పండు తింటుంది. ఇంకో పిడుగు చెట్టును తింటుంది.

వాన వెలిశాక అది అడవికి వచ్చింది. జంతువులన్నీ ఎదురొచ్చాయి. "గోరింకా, ఇవాళ కూడా మాకేం కాలేదు! అంతా నీ చలవే. ఊళ్ళో ఏం విశేషాలు?"

గోరింక నోరు తెరిచింది. పళ్ళు గుర్తొచ్చాయి, పరువు గుర్తొచ్చింది. "విశేషాలేం లేవు" అంది. పుట్టి బుద్ధెరిగాక అది ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఏడో రోజు పొద్దున్నే కోతిని చాటుగా పిలిచింది. "తమ్ముడూ, తొర్రలో చీమలు పట్టాయి. నా పిల్లల్ని పల్లంలో బండ సందున పెట్టిపెడతావా?"

పాపం కోతి, ఆకుదొప్పలో పిల్లల్ని పదిలంగా దించి పెట్టింది. గోరింక బండ మీద కూర్చుని తనకు తాను చెప్పుకుంది. "ఆరు రోజులూ మద్దిచెట్టు మీద పడలేదు. ఈ రోజూ పడకపోవచ్చు."

చూశారా పిల్లలూ! తన పిల్లల దగ్గరికి వచ్చేసరికి 'పడొచ్చు' అనుకుంది. పరాయివాళ్ళ పిల్లల దగ్గరికి వచ్చేసరికి 'పడకపోవచ్చు' అనుకుంది. ఈ కథలో ఇక్కడికి వచ్చేసరికే నాకు ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నమైంది. గాలి ఆగిపోయింది. ఆ రోజు ఉక్క ముందు ఆరు రోజుల ఉక్కా దిగదుడుపే. గోరింక బండ మీద కూర్చోలేకపోయింది, పొద మీద నిలవలేకపోయింది. అటు ఎగిరింది, ఇటు ఎగిరింది. పడమట మబ్బు లేచింది. పళ్ళు పట్టుకుని జంతువులు ఒక్కొక్కటే దిబ్బ ఎక్కుతున్నాయి. అన్నిటికంటే చివర దుప్పి వచ్చింది. దాని పక్కన తడబడే కాళ్ళతో పిల్ల.

దుప్పి బండ దగ్గర ఆగింది.

"వదినా, నీ మాట నమ్మలేదని మనసులో పెట్టుకోకు. నాకోసమైతే ఇప్పుడూ వచ్చేదాన్ని కాదు, దీనికోసం వస్తున్నాను. నీ పిల్లలు ఉండే చెట్టేగా, నా పిల్లకూ ఇంత చోటుంటుందిలే."

అని దిబ్బ ఎక్కింది.

గోరింక వెనక్కి తిరిగి బండ సందులోకి చూసింది. పిల్లలు రెండూ వెచ్చగా నిద్రపోతున్నాయి. అటు చూస్తే దుప్పిపిల్ల మద్దిచెట్టు మొదట్లో కూలబడుతోంది. మొదటి ఉరుము ఉరిమింది. ఇక గోరింక ఉండలేకపోయింది. బాణంలా ఎగిరింది.

"లేవండి! లేవండి! చెట్టు కింద ఉండకండి! నేను చెప్పింది తప్పు! ఆ పిడుగు అవ్వ మనవరాలు!"

"మనవరాలా?" అడవిపంది పడీపడీ నవ్వింది. "నిన్నటిదాకా ఒకటి, ఇవాళ ఇంకొకటా? వానలో ఎక్కడికి పోతాం? కూర్చో కూర్చో."

"అయ్యో, నిజం! పిడుగు పొడుగు చెట్ల మీదే పడుతుంది. నిన్న కళ్ళారా చూశాను!"

"నిన్న చూస్తే నిన్న చెప్పలేదేం?" అంది కోతి.

గోరింక ఉన్నదున్నట్టు చెప్పేసింది. "సిగ్గేసి చెప్పలేదు. నా తొర్రలోకి చూడండి. ఖాళీ! మీకు చెప్పకుండా నా పిల్లల్ని మాత్రం దాటించుకున్నాను."

"మరి చీమలన్నావే!"

"చీమల్లేవు తమ్ముడూ. ఏమీ లేవు."

దుప్పి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పిల్లను మూతితో లేపి పల్లానికి పరుగు తీసింది. దాని వెనక కుందేళ్ళు, వాటి వెనక కోతి. అడవిపంది కూడా పది అడుగులు పరుగెత్తి ఆగింది. "పిడుగు మనవరాలైతే ఈ పళ్ళు దండగ కదా" అని వెనక్కి తిరిగింది.

"వద్దు పంది మామా!" అని గోరింక దాని ముక్కు మీద పొడిచింది. అది అడుగు వెనక్కి వేసింది.

ఫెళ్ళుమంది!

కళ్ళు తెరిచి చూసేసరికి మద్దిచెట్టు నిలువునా రెండుగా చీలి ఉంది. తొర్ర ఉన్నచోట నల్లటి బొగ్గు. దుప్పిపిల్ల పడుకున్న చోట వేళ్ళలోంచి పొగ వస్తోంది. అడవిపంది బతికింది. వీపు మీద వెంట్రుకలు మాడిపోయాయి. ఎడమచెవి మాత్రం మళ్ళీ వినపడలేదు.

పల్లంలో అందరూ తడుస్తూ ముడుచుకుని కూర్చున్నారు. గోరింక ఎదురుగా వాలి తల వంచుకుంది. తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. దుప్పి మాత్రం ఇలా అంది.

"నువ్వు తప్పు చెప్పావు. తెలియక చెప్పావు, అది పోనీ. ఈ రోజు నిజం చెప్పి నా బిడ్డను బతికించావు. అదీ మరిచిపోను. కానీ మధ్యలో ఒక రాత్రీ ఒక పూటా తెలిసి ఊరుకున్నావు చూడు వదినా, అది మాత్రం నాకు మింగుడుపడటం లేదు."



ఆ తర్వాత కూడా గోరింక ఊళ్ళోకి పోతూనే ఉంది, మాటలు తెస్తూనే ఉంది. కాకపోతే అది నోరు తెరవగానే అడవిపంది కుడిచెవి దాని వైపు తిప్పి, "ఏంటీ? వినపడలేదు, ఇంకోసారి చెప్పు" అంటుంది. ఆ మాడిన వీపు చూడగానే గోరింక ఆగిపోతుంది. ఇది నేను విన్నదా, అనుకున్నదా అని ఆలోచించుకుంటుంది. చాలాసార్లు, "ఉండు మామా, మళ్ళీ వెళ్ళి పూర్తిగా విని వస్తా" అని ఎగిరిపోతుంది.

దుప్పిపిల్ల ఇప్పుడు అడవంతా గంతులేస్తోంది. దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. దాన్ని చూసి అడవిలో వాళ్ళు ఏమంటారో తెలుసా? "ఇది పిల్ల కాదమ్మా, పిడుగు!"

నీతి: సగం విని చెప్పడం పొరపాటు, అది తప్పని తెలిశాక కూడా నోరు మూసుకుని కూర్చోవడం ద్రోహం.