కత్తుల కోటలో ఆకలి చిలుక

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు: రణధ్వజుడు, ధాన్యకేతు, మణిధరుడు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడొకనాడు ఆకాశంలో నిలబడి, "ఓరి రాజా! ఇక నీ దేశంలో చినుకు రాలదు. మీరంతా ఆకలితో అలమటించాలి!" అని అరిచి, మబ్బులన్నీ మూటగట్టుకుని పోయాడు. వాడికెందుకంత కోపమో ఎవరికీ తెలియదు.

రాజు రాజ్యాన్ని మూడు భాగాలు చేసి కొడుకులకిచ్చాడు. "కరువు ముదిరేలోపు మీ మీ జనాన్ని కాపాడుకునే దారి చూసుకోండి నాయనా" అన్నాడు.

పెద్దవాడు నాగళ్ళ కర్రులు కూడా కరిగించి కత్తులు చేయించాడు. కత్తులు తళతళా మెరిశాయి గానీ, కరువొచ్చాక వాటిని ఎత్తే సత్తువ సైనికుల చేతుల్లో లేదు. రెండోవాడు నేలలో పాతరలు తవ్వించి నిండా జొన్నలు పోయించాడు. "తిండి ఉంటే చాలదూ, కత్తులెందుకు?" అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. దొంగలు పట్టపగలే బళ్ళు తోలుకొచ్చి పాతరలు ఊడ్చుకుపోయారు. పాపం, అప్పుడాయన మొహం చూడాలి!

మూడోవాడు మణిధరుడు పాతరలూ నింపాడు, కత్తులిచ్చి వాటికి కాపలావాళ్ళనూ పెట్టాడు. మిగిలిన ఇనుము నాగళ్ళకే ఉంచాడు. ఇంకో పని కూడా చేశాడు. పిచ్చుకల కోసం ఇంటి చూరుకు జొన్న కంకుల కుచ్చు కట్టడం ఆ దేశపు ఆనవాయితీ. కరువులో అందరూ మానేసినా అతను మానలేదు.

"మనుషులకే లేకపోతే పిట్టలకు పెడతావా? నీకు మతిపోయిందా తమ్ముడూ?" అన్నారు అన్నలు.

"అవీ మన చూరు కిందే ఉంటున్నాయిగా అన్నయ్యా" అన్నాడు మణిధరుడు.

అన్నల జనం కూడా అతని దగ్గరికే చేరారు. అతను ఎవరినీ పొమ్మనలేదు. పాతరల్లో గింజలు అడుగంటాయి. మణిధరుడు ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, ఒక పిచ్చుక వచ్చి భుజం మీద వాలింది.

"రాకుమారా, నీ కంకులు తిని నా పిల్లలు బతికాయి. నీ మేలు మరవను. ఆ మాంత్రికుడి ప్రాణం ఏడో సముద్రం అవతల ఒక చిలుకలో ఉంది. పద, దారి చూపిస్తా" అంది.

మణిధరుడికి కళ్ళు చెమర్చాయి. అంత చిన్న పిట్టకు రెండు చేతులా దండం పెట్టాడు. మొలలో కత్తి, తలపాగాలో ఒక జొన్న కంకి దోపుకుని బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున పిచ్చుక బతిమాలితే ఒక ముసలి తాబేలు వాళ్ళను వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, అలా అలా ఏడూ దాటారు.

అక్కడొక పంజరం. దాని చుట్టూ మూడు వరసల మంత్రపు కత్తులు వాటంతటవే గిరగిరా తిరుగుతున్నాయి. మణిధరుడు మొదటి వరసను విరగ్గొట్టాడు, రెండో వరసను విరగ్గొట్టాడు, ఒళ్ళంతా గాయాలతో మూడో వరసనూ విరగ్గొట్టాడు. పంజరం తెరిచి చిలుక గొంతు పట్టుకున్నాడు. చేతికి ఎముకలే తగిలాయి.

"చంపేముందు ఒక్క గింజ పెట్టవా అన్నా?" అంది చిలుక. "నా చుట్టూ ఇన్ని కత్తులు పెట్టాడు గానీ, నాకు తిండి పెట్టాలన్న సంగతే మరిచిపోయాడు. మంత్రం వల్ల చావలేక బతుకుతున్నా."

మణిధరుడికి ఇక చెయ్యి ఆడలేదు. కంకి అందించాడు. చిలుక ఒక గింజ తింది, రెండో గింజ తింది, మూడో గింజ తింది.

అంతలో కరాళుడు మంత్రదండం ఎత్తి ఉరుముతూ వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే ఆగిపోయి పొట్ట తడుముకున్నాడు.

"బళ్ళకొద్దీ అన్నం తిన్నా నా ఆకలి తీరేది కాదు. ఆ మంటతోనే ఊళ్ళ మీద పడ్డాను. ఇవాళ కడుపు నిండింది. ఎవరు బాబూ, నాకు అన్నం పెట్టింది?" అన్నాడు.

"ఇదిగో, ఈయనే" అంది చిలుక.

మాంత్రికుడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే మబ్బుల మూట విప్పేశాడు. తన కూతురు హేమలత ఇష్టం అడిగి, మణిధరుడికిచ్చి పెళ్ళి చేశాడు.

దేశమంతా వానలు పడ్డాయి, నాగళ్ళు కదిలాయి, పైర్లు పండాయి. మణిధరుడు రాజై హేమలతతో చాలాకాలం చల్లగా ఏలాడు. చిలుకనూ వెంట తెచ్చుకున్నాడు. విస్తరి ముందు కూర్చున్న ప్రతిసారీ, "చిలుక తిన్నదా?" అని అడిగాకే మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేవాడు.