నక్క మెడలో బొల్లక్క గంట

నల్లమలకు పడమటి పక్క మెట్టనేలలో ఒక గొర్రెల మంద ఉండేది. అక్కడ వానలు అంతంత మాత్రం. చలికాలం వచ్చేసరికి మేతంతా అయిపోయి, గొర్రెలు ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి. అందుకని ఏటా వరికోతలు అయ్యే వేళకి మంద మొత్తం కొండ దాటి, తూర్పున కాలువల కింద ఉన్న పొలాలకు వలసపోయేది. అక్కడి గేదెలతో వీళ్లకు తాతల నాటి ఒప్పందం ఉంది. కోసిన పొలంలో మంద దిగుతుంది, గట్ల మీద గడ్డి మేస్తుంది, బదులుగా పొలం నిండా ఎరువు వేసి వస్తుంది. తీసుకునేదీ ఇచ్చేదీ రెండూ కడుపుతో అయ్యే పనులే కాబట్టి ఏనాడూ మాటా మాటా రాలేదు.

గొర్రెల నడక మీరు చూసే ఉంటారు. ముందరది ఎటు పోతే వెనకవన్నీ అటే. ముందరది ఒక ముళ్లకంప మీదుగా ఎగిరిందనుకోండి, రెండోదీ ఎగురుతుంది, మూడోదీ ఎగురుతుంది. ఈలోగా ఎవరో ఆ కంప తీసేసినా సరే, మిగతావన్నీ అక్కడికి రాగానే గాల్లోకి ఎగిరి మరీ పోతాయి. ఎందుకెగిరావమ్మా అని అడిగితే, "ముందరాయన ఎగిరినాడు కదబ్బా!" అంటాయి. అలాంటి మందకు ముందు నడిచేవాళ్లు ఎంత గట్టివాళ్లయి ఉండాలి! ఆ నడిచేది గొర్రె కాదు, ఒక మేక. మొహం మీద తెల్లమచ్చ ఉంది కనక పేరు బొల్లి. మెడలో కంచుగంట. మందంతా ఆమెను బొల్లక్క అని పిలిచేది.

బొల్లక్కకు తిరగడమంటే చెడ్డ పిచ్చి. పిల్లగా ఉన్నప్పుడే పాలు తాగడం మానేసి గుట్ట వైపు చూస్తుండేదట.

"ఆ గుట్ట అవతల ఏముంటాది మా?"

"ఇంకో గుట్ట ఉంటాది. తాగు."

"దాని అవతల?"

"నా తలకాయ ఉంటాది!" అనేది తల్లి. తల్లి నోరు మూసేలోపే పిల్ల గుట్ట ఎక్కేసేది.

ఈడొచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. ఉప్పు మోసే గాడిదల వెంటపడి సముద్రం దాకా పోయింది. ఒక గుక్క తాగి థూ అని ఉమ్మేసింది కానీ, ఆ ఏడాదంతా సముద్రం కబుర్లే. సంతకు పోయే ఎద్దుల వెంట కొన్నాళ్లు, ఎవరి వెంటా కాకుండా కొన్నాళ్లు, కాళ్లకు బలపాలు కట్టుకున్నట్టు తిరిగింది. పిల్లల్ని కూడా దారుల్లోనే కన్నది. ఎక్కడ కంటే ఆ ఊరి పేరే పెట్టింది. "దోర్నాలా! ఆత్మకూరును కొట్టొద్దు, ఇట్రా!" అని ఆమె కేకేస్తే దారిన పోయే కాకులు కూడా ఆగి చూసేవి.

"ఇది ఎందుకూ పనికిరాని తిరుగుళ్ల మేక" అని మందంతా చెవులు కొరుక్కునేది. ఒక ఏడాది కొండమీద మంచు పట్టేసి మందకు దారి తప్పింది. అప్పుడు బొల్లి ముందుకొచ్చి, రాళ్లు వాసన చూస్తూ, గాలి వింటూ, అందర్నీ క్షేమంగా కిందికి దింపింది. ఆ రోజే గంట తెచ్చి మెడలో వేశారు. ఇష్టమైన పనే బతుకుతెరువు అయి కూర్చుంది. ఇంతకంటే అదృష్టం ఏ మేకకు పడుతుంది చెప్పండి! ప్రతి ఏడూ బయల్దేరే పొద్దున బొల్లక్క పెళ్లికూతురిలా మురిసిపోయేది.

అయితే ఆమెతో ఒక తంటా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కదా. తిన్నగా పోవడం ఆమె వల్ల కాదు.

"ఇట్ల రండి, ఇట్ల రండి! ఈ మలుపు తిరిగితే ఒక జలపాతం ఉంది."

"అక్కడ మేతుందా అక్కా?"

"మేత లేదు. చానా బాగుంటాది."

అలా చూపించి చూపించి కొండ దాటించేసరికి మందకు కాళ్లు లాగేసేవి.

ఇదంతా ఒక నక్క కనిపెట్టింది. దాని పేరు చెంగల్రాయుడు. కొండ అడుగున, ఒక కోన మొదట్లో దాని బొరియ. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ఆ పొదలు దాటి ఎటూ పోయిన పాపాన పోలేదు. ఆ ఏడు మంద వచ్చి కొండ మొదట్లో ఆగగానే ఎదురొచ్చి వంగి వంగి దండాలు పెట్టింది.

"అయ్యో, ఈ కొండ ఘాటు ఎక్కుతారా? చూలింతలు, పసిపిల్లలు ఉన్నారే! మా ఇంటి పక్క కోన పట్టుకుని పోతే ఒక్క ఎక్కుడు కూడా లేదు. చదునుగా, నీడగా ఉంటాది. నేను దేశాలు తిరిగినవాణ్ణి, నా మాట నమ్మండి. కాశీ చూసినా, రామేశ్వరం చూసినా."

బొల్లక్క కళ్లు మిలమిలా మెరిశాయి. కాశీ ఆమె చూడలేదు. "నిజంగానా రాయుడూ! కాశీలో గంగ ఎట్లుంటాది?"

నక్క కాస్త తడబడింది. "ఎట్లుంటాది... తడిగా ఉంటాది."

బొల్లక్కకు నవ్వాగలేదు. దేశాలు చూసొచ్చినవాడు మొదలుపెడితే ఆపడం కష్టం. ఈయన ఒక్క ముక్కలో గంగను ముగించేశాడు! వీడు గడప దాటనివాడని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. కానీ మందకు తెలియాలి కదా.

"ఎక్కుడు లేదంట!" అంది సుంకులమ్మ అనే గొర్రె. అది నిండు చూలాలు. "బొల్లక్కా, నువ్వు కోప్పడినా సరే, నా వల్ల కాదు."

"కోనలన్నీ దారులు కావే సుంకులమ్మా. ఈ నక్క ఎక్కడికీ పోయినట్టు లేదు."

మందలో పెద్ద పొట్టేలు నారప్ప గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నువ్వు పెద్దదానివి. కానీ నీకు మోకాళ్లు పట్టేసినాయి. పైగా మమ్మల్ని ఊరికే చుట్టూ తిప్పుతావు. నీ ముచ్చట కోసం మేం నడుస్తున్నాం గానీ, మా మేత కోసం నువ్వు నడవడంలేదు. ఈసారి గంట ఇచ్చేయ్. కావాలంటే దొడ్డికి పోయి హాయిగా పడుకో."

బొల్లక్క బెదిరిపోయింది. గంట పోతుందని కాదు. దొడ్డి అన్న మాటకు. ఆ గోడలు చూస్తూ, తిన్నది నెమరేస్తూ, మందంతా పోయాక ఆ దుమ్ము అణిగేదాకా చూస్తూ కూర్చోవడం! అంతకంటే చావే నయమనిపించింది.

"గంట తీసుకో నారప్పా. నన్ను దొడ్డికి మాత్రం పంపొద్దురా. నడవకపోతే నేను బతకను."

"సరే, అట్లయితే అందరికంటే వెనక రా" అన్నాడు నారప్ప. కొమ్ముతో గంట తాడు ఎత్తి నక్క మెడలో వేశాడు. ఆ చప్పుడు కొత్త మెడలోంచి వినబడుతుంటే బొల్లక్కకు కన్నీళ్లు ఆగలేదు.

కానీ ఎంతసేపని ఏడుస్తుంది? ఇన్నేళ్లలో మందను వెనక నుంచి చూడటం ఇదే మొదలు. ముందర అన్ని తోకలూ టపటపా ఒక్కసారే ఊగుతున్నాయి. "ఇదీ బాగానే ఉందే!" అనుకుంది. కాళ్లు మళ్లీ హుషారుగా పడ్డాయి.

కోనలోకి వచ్చారు. రెండు పక్కలా నిటారుగా బండలు, పైన వేలాడే తేనెపట్టులు. తేనె వాసన ముక్కుకు తగలగానే బొల్లక్క ఆగిపోయింది. ఇది తను ఎరిగిన చోటే! పడుచుతనంలో ఒకసారి అవతలి పక్కనుంచి ఈ వాసన పట్టుకుని ఇందులోకి దూరింది. ఈ కోన చివర పెద్ద బండ అడ్డం ఉంటుంది. చూసినవాళ్లు దారి మూసుకుపోయిందనుకుంటారు. కానీ బండకు కుడిపక్కన ఒక సందుంది. సందులోంచి పోతే నేరుగా వరిపొలాలే.

అంతలో పైన బండల చాటున ఏదో కదిలింది. ఒక తోక. ఇంకో తోక. చెంగల్రాయుడి చుట్టాలందరూ నాలుకలు చాచుకుని పిల్లల కోసం కాచుకున్నారు. ఎందుకు పిలుచుకొచ్చాడో బొల్లక్కకు తేటతెల్లమైంది. 

"మోసం!" అని అరిస్తే? ఇరుకు కోనలో గొర్రెలన్నీ వెనక్కి తిరిగి, ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పిల్లలు కాళ్లకింద పడతాయి, నక్కల పని ఇంకా సులువవుతుంది. పైగా గంట పోయిన ఉడుకుతో అంటోందనుకుంటారు. మందను వెనక్కి తిప్పకూడదు, ముందుకే తోయాలి. బొల్లక్క సుంకులమ్మ చెవి దగ్గరికి పోయింది.

"సుంకులమ్మా, ముందర పచ్చిగడ్డి ఉందే."

"నిజంగానా?"

"చుట్టూ తిప్పినా గానీ నేనెప్పుడైనా అబద్ధం చెప్పినానా?"

"గడ్డంట!" అని సుంకులమ్మ ముందరిదాన్ని తోసింది. "గడ్డంట, గడ్డంట!" అంటూ మాట ముందుకు పాకింది. ఆకలి మీదున్న మంద ఏరు పొంగినట్టు కదిలింది.

ముందర ఏం జరిగిందో తర్వాత నారప్ప చెప్పగా అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నక్క వెనకే నడిచింది ఆయన కదా.

"ఆగండ్రా! ఆగండి!" అని నక్క మొత్తుకుంది.

"నువ్వు ఆగితే కదా మేం ఆగేది!"

"మీరు తొయ్యకుంటే కదా నేను ఆగేది!"

తప్పించుకుందామని నక్క ఎడమపక్క బండమీదికి దూకింది. గంట మోగింది. నారప్ప దూకాడు. ఆయన వెనక ఇంకోటి, దాని వెనక మంద మందంతా. పైన కాచుకున్న చుట్టాలకు గణగణమంటూ గొర్రెల వరద మీదికి వస్తున్నట్టు కనబడింది. నాలుకలు లోపల పెట్టుకుని తలో దిక్కుకు లగెత్తారు. నక్క మళ్లీ కిందికి దూకింది. అందరూ మళ్లీ కిందికి దూకారు. ఎదురుగా పెద్ద బండ వచ్చేసింది.

వెనకనుంచి బొల్లక్క గొంతు కోనంతా మార్మోగింది. "రాయుడూ! కుడిపక్కకు తిరుగు! అక్కడ సందుంది!"

"లేదు! దారి లేదని మా నాయన చెప్పినాడు!"

"మీ నాయన చూసినాడా?"

"ఆయనకు వాళ్ల నాయన చెప్పినాడు!"

"అయితే నువ్వైనా చూడు నాయనా!"

నారప్ప కొమ్ములు వీపుకు తగిలేసరికి చెంగల్రాయుడు కళ్లు మూసుకుని కుడిపక్కకు దూరాడు. సందు ఉంది! అందులోంచి బుడుంగున అవతల పడ్డాడు. వెనకే గొర్రెలు, పిల్లలు, చిట్టచివర బొల్లక్క. కళ్లముందు కాలువలు, గట్ల నిండా పచ్చగడ్డి. ఒక్క పిల్లకు కూడా గీత పడలేదు. బొల్లక్క మోకాళ్ల నొప్పి మరిచి గెంతులేసింది.

గంట వినగానే గేదె మంగతాయారు ఎదురొచ్చింది. పెద్దావిడకు చూపు ఆనదు. గంట ఎవరి మెడలో ఉంటే వాళ్లే బొల్లి.

"రామ్మా బొల్లీ, రా! అదేవిటే, ఇంతలా చిక్కిపోయావు? ఆ తోకేవిటి, చీపురుకట్టలా!"

కళ్లం దగ్గర పడుకున్న కుక్కలకు మాత్రం చూపు బాగానే ఉంది. అవి లేచాయి. నక్క పరుగు అందుకుంది. గంట మోగింది. గంట ఎటుంటే అటు పోవడమే ఎరిగిన గొర్రెలు, పొట్టలో ఆకలిని కూడా మరిచి నక్క వెంటపడ్డాయి. నక్క వెనక మంద, మంద వెనక కుక్కలు. ఆ మడిలోంచి ఈ మడిలోకి, ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదికి. నక్క పిల్లకాలువ దూకితే మందంతా దూకింది.

"ఆహా! ఒక్క మడీ వదలకుండా ఎరువేస్తున్నారు. ఎంత మంచివాళ్లమ్మా!" అని మంగతాయారు తెగ ముచ్చటపడింది.

చివరికి నక్క వచ్చి బొల్లక్క కాళ్లదగ్గర చతికిలపడింది. మెడలోకి సులువుగా దిగిన తాడు తీయబోతే చెవుల దగ్గర పట్టేసింది.

"అక్కా, నీకు పుణ్యముంటాది, ఈ గంట తీసెయ్! జన్మలో ఇంత దూరం నడవలేదు!"

"అదేంది రాయుడూ! మరి కాశీ?"

"కాశీ లేదు, రామేశ్వరం లేదు. మా పొద తప్ప నేనేమీ చూడలేదు."

బొల్లక్క తాడు కొరికి వదులు చేసి గంట తీసింది. కుక్కల్ని కసిరి ఆపింది. "ఇక పో, ఇంటికి పో."

చెంగల్రాయుడు లేచి ఇటు చూశాడు, అటు చూశాడు. కళ్లు మూసుకుని దూరిన సందు ఎక్కడో తెలియలేదు. కొండమీద దారి ముందే తెలియదు. "అక్కా... మా ఇల్లు ఎటు?" అన్నాడు గొంతు చిన్నది చేసి. మంద విరగబడి నవ్వింది. రాయుడు ఆ వలసకాలమంతా కాలువగట్ల మీద పీతలు ఏరుకు తింటూ, గొర్రెలు ఎప్పుడు తిరుగుముఖం పడతాయా అని ఎదురుచూశాడు. తిరుగుదారిలో అందరికంటే వెనక నడుస్తూ, మలుపు మలుపుకూ "ఇంకా ఎంత దూరమక్కా?" అని ప్రాణం తీశాడు.

నక్క మెడలోంచి గంట దిగిన రోజే నారప్ప దాన్ని తెచ్చి, తల వంచి, బొల్లక్క మెడలో తనే వేశాడు. "తప్పైపోయింది అక్కా. నీకు ఓపిక ఉన్నన్నాళ్లు నువ్వే ముందు. ఒక్కటి చెప్పు. ఆ కోనలో దారి ఉందని నీకెట్ల తెలుసు? ఏ పని మీద పోయినావు అక్కడికి?"

"ఏ పనీ లేదురా. అవతల ఏముందో చూద్దామని పోయినా."

"ఊరికేనా?"

"ఊరికే" అంది బొల్లక్క, గడ్డి నోట పెట్టుకుని నవ్వుతూ.

ఇష్టపడి తిరిగిన దారి ఏదీ వృథా పోదు, ఒక్క అడుగైనా వేయనివాడి గొప్పలు మొదటి మలుపు కూడా దాటవు.