వెంగమ్మ చేతి దారాలు

వెంగమ్మ మణికట్టుకి మూడు దారాలున్నాయి. నల్లది, ఎర్రది, ఆకుపచ్చది. మూడూ దస్తగిరి కట్టినవే. వాటిలో ఏది సరైనదో దస్తగిరికే అంతుపట్టడం లేదు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ దర్గాకి మనసు చెదిరినవాళ్ళని తీసుకొస్తారు. వచ్చినవాళ్ళ చేతికి గుమ్మం దగ్గరే దారం కట్టడం అక్కడి ఆనవాయితీ. మనకు వినపడని గొంతులు వినేవాళ్ళకి నల్లది కడతారు. వాళ్ళని ఏటి దగ్గర ఒంటరిగా వదలకూడదు. కోపం పట్టలేనివాళ్ళకి ఎర్రది. వాళ్ళకి అన్నం విస్తట్లో పెట్టాలి, ఇత్తడి చెంబు చేతికివ్వకూడదు. దిగులులో మునిగినవాళ్ళకి ఆకుపచ్చది. వాళ్ళని పలకరించి విసిగించకూడదు. సేవకులంతా దారం చూసి నడుచుకుంటారు.

దారం కట్టే పనిని దర్గా పెద్ద కరీంషా తాత తన శిష్యుడు దస్తగిరికి అప్పగించాడు. దస్తగిరి కూడా తక్కువవాడేం కాదు. వచ్చిన మనిషి చెప్పులు విడిచే తీరు చూసే దారం తీసేవాడు. దస్తగిరి కన్ను పడితే జబ్బు దాక్కోలేదని జనం అనుకోవడం అతని చెవిన పడింది. పడ్డ నాటి నుంచి అతని కాళ్ళు నేల మీద ఆనడం కొంచెం తగ్గింది.

వెంగమ్మ వచ్చిన రోజు, పక్కన ఎవరూ లేకపోయినా ఎవరితోనో గొణుగుతోంది. నల్లది కట్టాడు. మర్నాడు అన్నం పళ్ళెం ఎత్తి విసిరికొట్టింది. ఎర్రది కట్టాడు. ఆ తర్వాత గోడకేసి తిరిగి ఒకటే ఏడుపు. ఆకుపచ్చది కట్టాడు. పాతవి తీసేస్తే తప్పు చూశానని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టవుతుందని, వాటిని అలాగే ఉంచేశాడు.

ఇక సేవకుల పాట్లు చూడాలి. ఒంటరిగా వదలొద్దని ఒకడు, పలకరించొద్దని ఇంకొకడు.

"ఎర్రది కూడా ఉండాదే. చెంబు ఇచ్చేదా, వద్దా?" అంది వంటామె.

"నన్నడిగితే? దారాన్నడుగు పో," అన్నాడు నీళ్ళు తోడేవాడు.

వాళ్ళ వాదులాట తేలలేదు. ఈలోగా వెంగమ్మ దగ్గరికి పోయినవాళ్ళే లేరు.

అప్పుడొచ్చాడు ఆమె మొగుడు పెంచలయ్య. గుమ్మంలోంచే పెళ్ళాం చెయ్యి చూశాడు.

"ఆ మూడూ ఏంది సామీ? ఏదో ఒకటి చెప్పు. నల్లదయితే ఈడనే వదిలేసి రమ్మన్నారు మా పెద్దోళ్ళు. నాకు ఇంకో సంబంధం చూస్తారంట."

ఆ మాట అంటున్నప్పుడు కళ్ళెత్తలేదు. చెడ్డవాడు కాదు. ఇంట్లోనూ ఊళ్ళోనూ అడిగినవాళ్ళకి చెప్పడానికి ఒక్క మాట దొరక్క నలిగిపోయినవాడు.

దస్తగిరికి అప్పుడు తెలిసొచ్చింది. తను చెప్పే రంగు మీద ఆ అమ్మాయి కాపురం వేలాడుతోంది. ఉన్నపళాన తాత దగ్గరికి పరుగెత్తాడు.

"ఏది ఉంచేది, ఏవి తీసేది తాతా? మీరే చెప్పాల."

తాత కర్ర ఊతంతో లేచి వచ్చి, వెంగమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. ఇక ఆ రోజుకి వేరే పనేమీ లేనట్టు కూర్చున్నాడు. ఎంత గొప్పవాళ్ళు వచ్చినా, ఎంత మతి తప్పినవాళ్ళు వచ్చినా ఆయన కూర్చునే తీరు ఒక్కటే. ఆ ముసలాయన్ని అంతమంది ప్రేమించింది అందుకే.

చాలాసేపటికి వెంగమ్మ తనంతట తనే చెయ్యి చాపింది. తాత ఆ దారాలు తెంపబోయాడు. తెగలేదు. పంటితో కొరికాడు. నోట్లో మిగిలిన రెండు మూడు పళ్ళకీ పని పడిందిగానీ దారం లొంగలేదు. చివరికి పండ్లు కోసే చాకు తెప్పించి కోశాడు. దారాల కింద చర్మం ఒరుసుకుపోయి పుండైంది.

"మండతా ఉంది," అంది వెంగమ్మ. "మొన్నట్నుంచీ చెప్తానే ఉండా."

దస్తగిరి తల దించుకున్నాడు. చెయ్యి మండుతోందని ఆమె అనడం అతను ముందే విన్నాడు. నల్ల దారం వాళ్ళు అలాంటివి సవాలక్ష అంటారని, పట్టించుకోవద్దని సేవకులకి తనే చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

తాత పుండు చుట్టూ కొబ్బరినూనె రాశాడు. ఆమె మళ్ళీ పక్కకి తిరిగి, అక్కడ లేనివాళ్ళతో గొణగడం మొదలుపెట్టింది. తాత దాన్నీ చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత కోసిన దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"యాడిదిరా ఇది?"

"వలలు అల్లేవాళ్ళ దగ్గర కొని రంగేసినా తాతా. మన రాట్నం నూలు వారం తిరక్కముందే తెగిపోతా ఉంది. ఎన్నిసార్లని కట్టేది?"

"తెగిపోతే ఏం చేస్తా ఉంటివి?"

"మళ్ళీ కడతా ఉంటి."

"కట్టేముందు?"

"మళ్ళీ మనిషిని చూస్తా ఉంటి."

అనేసి, అక్కడే ఆగిపోయాడు దస్తగిరి.

తాత కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు. దస్తగిరి వెంగమ్మ ఎదురుగా కూర్చున్నాడు. అతని చేతిలో ఇప్పుడు దారం లేదు.

"అయితే ఏం జబ్బో తెలీలేదా సామీ?" గుమ్మంలోంచి అడిగాడు పెంచలయ్య.

"తెలీలేదన్నా," అన్నాడు దస్తగిరి. ఆ గుమ్మంలో అతను ఆ మాట అనడం అదే మొదలు. "నువ్వూ వచ్చి కూచో."

పెంచలయ్య బెదురుగా లోపలికి వచ్చాడు. కూర్చోబోతూ తాత మొహం చూశాడు.

"మరి ఊళ్ళో అడిగితే ఏం చెప్పేది తాతా?"

"ఇంకా చూస్తా ఉండామని చెప్పు," అన్నాడు తాత.